తెర వెనక ఎవరూ లేరు

నీలం సంచిలో మూడు గౌన్లు పెట్టాను. ఒకటి గులాబీ రంగుది, ఒకటి తెల్లది, ఒకటి పువ్వులున్న పసుపుది. వాటి మీద దువ్వెన, రబ్బరుబ్యాండ్లు, పౌడరు డబ్బా, ఒక తువ్వాలు. అన్నీ బయటికి తీసి మళ్ళీ సర్దాను. జగ్గయ్యపేట నుంచి నందిగామ గంట ప్రయాణం కూడా కాదు. పొద్దున్న వెళ్ళి మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటాం. అయినా జిప్పు సగం లాగి ఆగిపోయాను. సంచులు సర్దడమంటే నాకు భయం. నా భర్త ఏసురత్నం విజయవాడ ఆస్పత్రికి వెళ్ళినప్పుడు నేనే సర్దాను. కూతురు పరిమళని జ్వరంతో గుంటూరు తీసుకెళ్ళినప్పుడూ నేనే సర్దాను. రెండుసార్లూ సంచులు మాత్రం తిరిగొచ్చాయి.

నా మనవరాలు కెజియా మంచం మీద కూర్చుని కాళ్ళు ఊపుతూ నా చేతులవంకే చూస్తోంది. దానికి ఆరేళ్ళు.

"అమ్మమ్మా, నన్ను నాన్న దగ్గరికి పంపించేస్తన్నావా?"

"ఎవరన్నారే నీతో?"

"ఎవరూ అన్లా. గౌన్లు పెడతన్నావుగా."

"ఫొటోలకి. నందిగామలో మంచి స్టూడియో ఉందంట. దిగేసి వచ్చేద్దాం."

"ఓహో" అని కాళ్ళు ఊపడం ఆపేసింది. అది భయపడి అడిగిందనుకున్నాను. నాకున్న భయమే దానికీ ఉందనుకుని దగ్గరికి తీసుకుని తల నిమిరాను. ఆ భయం నాదేనని, దాని గొంతులో ఉన్నది మరొకటని నాకు అప్పుడు తట్టలేదు.

కెజియా తండ్రి ఎడ్విన్ రెడ్డిగూడెంలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారు. పరిమళ పోయేనాటికి పాపకి పదినెలలు. "ఒక్కణ్ణే పెంచలేనత్తమ్మా, కొన్నాళ్ళు మీ దగ్గర ఉంచండి" అని ఏడ్చి ఇచ్చి వెళ్ళాడు. ఆ కొన్నాళ్ళు ఐదేళ్ళయ్యాయి. నెలకి రెండు ఆదివారాలు వచ్చేవాడు. వానొచ్చినా తప్పేవాడు కాదు, ఆ మాట కూడా చెప్పాలి. కిందటేడు మళ్ళీ పెళ్ళి చేసుకుని, పాపని తీసుకెళ్తానన్నాడు. నేను ఇవ్వనన్నాను. మాటామాటా పెరిగి వ్యవహారం నందిగామ కోర్టుకెక్కింది. కేసు పడ్డాక లాయర్లు వద్దన్నారని ఆదివారాలు రావడం కూడా మానేశాడు. అప్పటికి మూడు నెలలు. వచ్చే శుక్రవారం ఇరువైపులవాళ్ళనీ కూర్చోబెట్టి రాజీకి మాట్లాడతామని కబురొచ్చింది. పాప ఎవరింట్లో పెరగాలో ఆ రోజు తేలిపోతుంది.

మా లాయరు కిషోర్‌బాబు నాకు అబద్ధపు ధైర్యం చెప్పలేదు. "తండ్రి తండ్రేనండీ. చట్టం అటే చూస్తది. పైగా ఆయన ఇవి పెట్టాడు చూడండి" అని నాలుగు ఫొటోలు నా ముందు పరిచాడు. ఎడ్విన్ ఆదివారాలప్పుడు ఫోనుతో తీసినవి. నాలుగింటిలోనూ కెజియా మా వసారాలో చేతులు కిందికి చాపి, బడిలో ప్రార్థనకి నిలబడ్డట్టు నిలబడి ఉంది. ముఖంలో ఏమీ లేదు. కాగితంలో, ముసలావిడతో ఒంటరిగా ఉండి పాప నవ్వడం మర్చిపోయిందని రాయించాడు.

"పిల్ల నవ్వుతున్న ఫొటో ఒక్కటి పట్టుకురండి. నవ్వంటే పళ్ళు చూపించేది కాదు. చూసినోళ్ళు, అబ్బ, ఈ పిల్లని ఆ ఇంట్లోంచి కదపకూడదు అనుకోవాలి. అలాంటిదొకటి ఉందా మీ దగ్గర?"

లేదు. నాకు తల కొట్టేసినట్టయింది. ముప్ఫై ఏళ్ళపాటు జగ్గయ్యపేటలో పిల్లలు నవ్వే ఫొటో కావాలంటే మా స్టూడియోకే వచ్చేవారు. మా ఆయన కెమెరా చూసేవాడు. నవ్వించడం నా పని. కవర్ల మీద పేర్లు రాయాలని అక్షరాలు నేర్చుకున్నదీ అక్కడే. ఆయన ఎడమ భుజం వెనక గిలక్కాయ పట్టుకుని నిలబడేదాన్ని. మా పక్కనే ఒక తెర ఉండేది. పిల్లని స్టూలు మీద కూర్చోబెట్టగానే తల్లిని ఆ తెర వెనకకి పంపేవాళ్ళం. పిల్ల తల్లికోసం వెతుక్కుంటుంది. పెదవి వంకర తిరుగుతుంది. ఏడుపు ఇంకా గొంతులోనే ఉండగా నేను "అదిగో అమ్మ!" అనేదాన్ని. తల్లి తెర పక్కకి లాగి తొంగిచూసేది. ఆ అరక్షణంలో పిల్ల ముఖం ఎలా మారుతుందో ఎంత చెప్పినా చాలదు. కెమెరా నొక్కే మా ఆయన బొటనవేలు అప్పుడు కదిలేది. ఊళ్ళో చాలా ఇళ్ళ గోడల మీద ఉన్నవి ఆ అరక్షణాలే.

దానికొక కట్టుబాటు ఉండేది. తల్లి తెర వెనక ఉంటేనే ఆ మాట అనాలి. ఒకసారి ఒకామె పాలసీసా కోసం బయటికెళ్ళినప్పుడు నేను తొందరపడి అనేశాను. మా ఆయన ఆ ఫొటో తీయలేదు. "లేని మనిషిని చూపించి పిల్లని నవ్విస్తావా?" అని ఆ పూటంతా నాతో మాట్లాడలేదు.

ఆయన పోయాక కెమెరాలు, దీపాలు అన్నీ పోయాయి. నా దగ్గరున్నది బటన్ల ఫోను.

నందిగామలో ఆ స్టూడియో ఒక టోకు దుకాణం మేడ మీద ఉంది. దుకాణం ఫొటోలు తీసే అమ్మాయి సాయిప్రియ వాళ్ళ నాన్నది. మెట్లెక్కుతుంటే ఎండుమిరపకాయల ఘాటు మనతోపాటే పైకి వస్తుంది. కెజియా మూడుసార్లు తుమ్మింది. సాయిప్రియకి పాతికేళ్ళుంటాయి, జుట్టు పైకి ముడేసుకుని, మోకాళ్ళ దగ్గర మట్టిపట్టిన ప్యాంటుతో నేలమీద కూర్చుని ఉంది. మా స్టూడియోలోలా కొండలూ హంసలూ గీసిన పరదా ఎక్కడా లేదు. పెద్ద కిటికీ, తెల్ల గోడ, చాప, అంతే. గదికి అవతల బట్టలు మార్చుకునే చోటుకి ఒక కర్టెన్ వేలాడుతోంది.

"దీపాల్లేవేంటమ్మా?" అన్నాను.

"కిటికీ ఉందిగా మామ్మగారూ. దానికి కరెంటు బిల్లు రాదు" అని నవ్వి, "గౌను మార్చకండి, వచ్చిందాంట్లోనే బాగుంది. మీరు ఆ కుర్చీలో కూర్చోండి. ఒక్కటే మాట, నవ్వు నవ్వు అని మాత్రం అనకండి. నవ్వమంటే పళ్ళు చూపిస్తారు, నవ్వరు" అంది.

నాకు ఒళ్ళు మండింది. ఈ విద్య ఆ పిల్ల పుట్టకముందు నుంచీ నాకు తెలుసు. కాని పని ఆమెతో ఉంది కదా అని ఊరుకున్నాను.

సాయిప్రియ ఒక స్టీలు గిన్నె తెచ్చి కెజియా ముందు పెట్టింది. అందులో పెసలూ కందులూ కలిసిపోయి ఉన్నాయి.

"ఇదిగో, మా నాన్న రెండు బస్తాలు కలిపేసి నామీద అరుస్తున్నాడు. కొంచెం వేరుచేసి పెడతావా? నువ్వు నన్ను చూడక్కర్లా."

"ఇవన్నీనా?" అంది కెజియా.

"ఎన్నయితే అన్ని."

"మీ నాన్న కళ్ళజోడు పెట్టుకోడా?"

"పెట్టుకోమంటే ముసలోణ్ణయిపోతానంటాడు."

కెజియా ఒక్కో గింజా తీసి ఇటొకటి, అటొకటి వేయసాగింది. కాసేపటికి నాలుక కొస పళ్ళ మధ్యకి వచ్చింది. కనుబొమలు దగ్గరపడ్డాయి. ఒక పుచ్చు గింజ దొరికితే వెలుతురులో పట్టుకుని చూసి పక్కన విడిగా పెట్టింది. కెమెరా ఎప్పుడు పైకి లేచిందో, ఎప్పుడు నొక్కిందో నాకే తెలియలేదు. ఫొటోలు బాగానే ఉండి ఉంటాయి. కాని నాకు కావలసింది అది కాదు. గోడ గడియారం పదకొండున్నర చూపిస్తోంది. పన్నెండున్నరకి కిషోర్‌బాబు ఆఫీసు మూసేస్తాడు. ఈ రోజు ఇవ్వకపోతే కాగితాల్లో పెట్టడం కుదరదన్నాడు.

"నవ్వు కావాలమ్మా" అన్నాను.

"వస్తది మామ్మగారూ. తొందరపెడితే రాదు."

"ఎప్పుడొస్తది?"

"అది పిల్ల ఇష్టం. ఒక్కోరోజు రాదు కూడా. సోమవారం మళ్ళీ రండి."

సోమవారానికి ఏం మిగులుతుంది? నేను లేచాను. గిలక్కాయ లేదు, తాళాల గుత్తి ఆడించాను. కెజియా తలెత్తి చూసి మళ్ళీ గింజల్లోకి దిగిపోయింది. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని దోబూచి ఆడాను. "అమ్మమ్మా, నేను పన్జేస్తన్నా" అంది విసుక్కుంటూ. సాయిప్రియ పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది.

వెళ్ళి ఆ పిల్ల ఎడమ భుజం వెనక నిలబడ్డాను. నా పక్కనే కర్టెన్. పాత చోటు అది. నా నోరు దానంతటదే తెరుచుకుంది.

దానంతటదే అని రాశాను గాని అది నిజం కాదు. నాలుక మీదకి వచ్చిన మాట అమ్మ. కెజియాకి అమ్మంటే గోడ మీదున్న ఫొటో, అంతకుమించి ఏమీ కాదు. అది నాకు గుర్తొచ్చింది. ఒక్క క్షణం ఆగాను. ఆగి, మాట మార్చి, అన్నాను.

"అదిగో నాన్న!"

ముందు దాని కళ్ళు వచ్చాయి. అంతకంటే ఎలా చెప్పాలో నాకు తెలియదు. ముఖంలో ఎక్కడో లోపలున్న కళ్ళు ముందుకి వచ్చాయి. నోరు తెరుచుకుంది, ముందటి పన్ను ఊడిన సందు కనపడింది. గుప్పిట్లో కందులు జలజలా రాలిపోయాయి. లేవబోతూ ఒక మోకాలు పైకెత్తి, మెడ సాచి, నా భుజం పక్కనుంచి తెర వైపు చూసింది. సాయిప్రియ వేలు ఆగలేదు. నాలుగో, ఐదో చప్పుళ్ళు విన్నాను.

కెజియా పరుగెత్తుకొచ్చి తెర లాగింది. వెనక ఒకదానిమీద ఒకటి పేర్చిన ప్లాస్టిక్ కుర్చీలు, ఒక అద్దం, మూలగా చీపురు ఉన్నాయి.

"ఏడీ?"

నేను వంగి రాలిన కందులు ఏరసాగాను.

"అమ్మమ్మా, ఏడీ నాన్న?"

అప్పుడైనా, ఊరికే అన్నాను తల్లీ, అని చెప్పి ఉండవచ్చు. సాయిప్రియ ముందు చెప్పడానికి సిగ్గేసింది. "మెట్లు దిగి వెళ్ళాడేమో" అన్నాను.

అది మెట్లదాకా పరుగెత్తింది. చాలాసేపు రాలేదు. వచ్చి గిన్నె దగ్గర కూర్చుంది గాని గింజలు ముట్టుకోలేదు.

సాయిప్రియ కంప్యూటరు ముందు నన్ను కూర్చోబెట్టి గొంతు తగ్గించి అడిగింది. "పాప వాళ్ళ నాన్న వచ్చారా?"

"లేదు."

"బతికే ఉన్నారా?"

"ఉన్నాడు."

ఆమె కంప్యూటరు తెరమీద రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టింది. ఒకదాంట్లో పుచ్చు గింజని వెలుతురులో పట్టుకుని చూస్తున్న కెజియా. రెండోదాంట్లో నేనిందాక చెప్పిన ముఖం.

"ఇది తీసుకోండి మామ్మగారూ" అని మొదటిది చూపించింది. "ఇది పాప."

"నాకు రెండోది కావాలి."

"అది బాగుంది. చాలా బాగుంది. అందుకే వద్దంటున్నా."

"నీకు తెలీదమ్మా. దీని మీద మా బతుకుంది."

ఆమె ప్రింటు తీసింది. ప్రతి ఫొటో కింద మూలగా స్టూడియో పేరు పడుతుంది. దీనికి మాత్రం తీసేసింది.

కిషోర్‌బాబు ఆ ఫొటోని టేబుల్ మీద పెట్టి, దూరంగా జరిగి, మళ్ళీ దగ్గరికొచ్చి చూశాడు. "అబ్బ! ఇదండీ ఫొటో అంటే. దీన్ని చూశాక ఎవరు మాట్లాడతారు?"

"ఎవర్ని చూసి నవ్విందని అడిగితే?"

"ఎవర్ని చూసింది? అక్కడ ఉన్నది మీరేగా?"

"నేనే."

"మరింకేం. అదే చెప్పండి."

తిరుగు బస్సులో కెజియా కిటికీ పక్కన కూర్చుంది. ఊరు దాటేదాకా రోడ్డు మీద మనుషుల్నే చూసింది. తర్వాత అడిగింది.

"నాన్న నన్ను చూసాడా?"

"చూసాడు."

"మరెందుకెళ్ళిపోయాడు?"

"స్కూలుందంట."

"శనివారం ఒక్కపూటేగా వాళ్ళకి."

ముందు సీటులో కూరగాయల గంపతో ఉన్నావిడ వెనక్కి తిరిగి, "అబ్బో, ఈ లాయరమ్మకి జవాబు చెప్పడం కష్టమే" అని నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వి, ఆ ధైర్యంతో మరొకటి చెప్పాను. "శుక్రవారం నాన్న కనపడతాడు. అప్పుడీ సంగతి ఎత్తకు. చెప్పకుండా ఎందుకెళ్ళావని అడిగితే ఆయనకి కోపమొస్తది. ఎవర్ని చూసి నవ్వావంటే అమ్మమ్మనని చెప్పు. సరేనా?"

"సరే" అంది. మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. ఒక అబద్ధానికి ఇంకొన్ని కలిపానని నాకు తెలుసు. ఆదివారం చర్చిలో మోకరించాను గాని ఏం అడగాలో తెలియక పరలోక ప్రార్థన చదివి లేచాను. ఆ వారమంతా గేటు చప్పుడైతే కెజియా తలెత్తలేదు. అంతకుముందు ఎత్తేది.

శుక్రవారం కోర్టు ఆవరణలో ఒక చిన్న గదిలో కూర్చోబెట్టారు. పొడుగు బల్ల, ఐదారు కుర్చీలు, చప్పుడు చేసే ఫ్యాను. మధ్యవర్తిగా ఒక పెద్దావిడ ఉన్నారు, కళ్ళజోడు గొలుసుకి వేలాడేసుకుని. బైబిలు మీద ప్రమాణం ఏమీ ఉండదన్నారు. ఆ మాట విని నాకు కొంచెం ఊపిరాడిందని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

ఎడ్విన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందే వచ్చి ఉన్నాడు. చేతిలో కొత్త పెన్సిలు బాక్సు. మమ్మల్ని చూడగానే లేచి నిలబడ్డాడు.

"బాగున్నారా అత్తమ్మా?" అని, కిందికి వంగి, "కెజ్జీ, బంగారం, ఇలా రామ్మా. నీకేం తెచ్చానో చూడు" అన్నాడు.

కెజియా నా చీర వెనక్కి పోయింది. అది ఎప్పుడూ చేసేదే. కాని ఈసారి కొంగు పక్కనుంచి తొంగిచూడలేదు. ముఖం గోడవైపు తిప్పుకుంది.

"కోపమా నాన్న మీద? మూణ్ణెల్లు రాలేదనా? రావద్దన్నారమ్మా" అన్నాడు. చాచిన చేతిలో పెన్సిలు బాక్సు అలాగే ఉండిపోయింది. తర్వాత దాన్ని బల్లమీద పెట్టాడు.

పెద్దావిడ ఇద్దరి కాగితాలూ తిరగేసి, ఎడ్విన్ తీసిన నాలుగు ఫొటోలు ఒకవైపు, నాది ఒకవైపు పరిచారు. నాదాని మీద ఆవిడ చూపు ఆగిపోయింది. పెదవుల మీదకి తెలియకుండానే నవ్వొచ్చింది. దాన్ని ఎడ్విన్ వైపు తిప్పారు.

అతను దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఎంతసేపు చూశాడో నేను చెప్పలేను.

"పై పన్ను ఎప్పుడూడిందత్తమ్మా?" అన్నాడు.

"దసరా తర్వాత."

"ఎప్పుడు తీసారిది?"

"మొన్న శనివారం."

"ఎవర్ని చూసి...?" అని ఆగిపోయాడు.

పెద్దావిడ నావైపు చూశారు. "చెప్పండమ్మా. పాప ఎవర్ని చూసి నవ్వుతోంది?"

కిషోర్‌బాబు గొంతు సవరించుకున్నాడు. నేను చెప్పాను. "నన్నేనండీ."

"పాపా, నువ్వు చెప్పు తల్లీ. భయం లేదు. ఈ ఫొటోలో ఎవర్ని చూసి నవ్వావు?"

కెజియా కొంగు వెనకనుంచి ఇవతలికి వచ్చింది. నావంక చూసింది. ఎడ్విన్ వంక చూసింది. దాని చూపు బల్లమీద పెన్సిలు బాక్సు దగ్గర ఆగింది. దానిమీద ఏనుగు బొమ్మ ఉంది. ఆ ఏనుగుని చూస్తూ, బళ్ళో ఎక్కం అప్పజెప్పినట్టు అంది.

"అమ్మమ్మని."

ఎడ్విన్ తలూపాడు. ఒకటికి రెండుసార్లు ఊపాడు, లెక్క సరిగ్గా వచ్చినప్పుడు ఊపినట్టు.

"ఐదేళ్ళు వచ్చానండీ నేను" అన్నాడు పెద్దావిడతో. "నేను గేటు తీస్తే ఈ పిల్ల పోయి తలుపు వెనక నిలబడేది. ఆ ఇంటి వల్లే ఇలా ఉందనుకున్నా, అందుకే కేసేశా. ఇట్టాంటి ముఖం ఉందని నాకు తెలీదు. నేనెప్పుడూ చూళ్ళేదు."

అతను చూడలేదు. నేను చూశాను. శనివారం సాయంత్రం నుంచీ రేపేనా అమ్మమ్మా, రేపేనా అని అడిగేది. ఆదివారం గేటు గడియ చప్పుడైన క్షణంలో దానికి వచ్చేది అదే ముఖం. అతను చెప్పులు విప్పి వసారా ఎక్కేసరికి సిగ్గు ముంచుకొచ్చి తలుపు వెనక్కి పారిపోయేది. గేటుకీ వసారాకీ మధ్య ఉన్న పది అడుగుల్లో ఆ ముఖం వచ్చి వెళ్ళిపోయేది. ఐదేళ్ళలో అతనికి ఒక్కసారి కూడా అందలేదు. ఆ గదిలో ఈ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

నేను చెప్పలేదు.

ఎడ్విన్ లాయరు అతని చెవిలో ఏదో అన్నాడు. అతను తల అడ్డంగా ఊపాడు. "వద్దులెండి. అక్కడ సంతోషంగా ఉంది. తీసుకెళ్ళి ఏడిపించడానికా?" అన్నాడు. కాగితం తయారైంది. నాకు చదవడం వచ్చు. ప్రతి మాటా చదివాను. పాప అమ్మమ్మ దగ్గరే ఉండుటకు తండ్రి సమ్మతించినాడు అని ఉంది. సంతకం పెట్టాను. నేను కోరుకున్నదే దొరికింది. కిషోర్‌బాబు "చెప్పానా?" అన్నట్టు కళ్ళెగరేశాడు.

నందిగామ బస్టాండులో ముగ్గురం ఒకే చోట నిలబడ్డాం. మాది జగ్గయ్యపేట బస్సు, అతనిది విజయవాడ వైపు. కెజియా సిమెంటు బెంచీ మీద కూర్చుని చెప్పు కొసతో నేల గీకుతోంది.

"అత్తమ్మా, ఒక్కటి అడుగుతా, ఏమనుకోవద్దు. ఆ ఫొటో నాకిస్తారా? ఆ మేడమ్ వెనక్కిచ్చింది గదా."

ఇచ్చాను. దాన్ని చొక్కా జేబులో పెట్టబోయి, మడత పడుతుందని కాగితాల సంచిలో అట్టల మధ్య పెట్టుకున్నాడు. పెన్సిలు బాక్సు నా చేతికిచ్చాడు. "మీ దగ్గరుంచండి. నేనిచ్చానని చెప్పక్కర్లా."

"మళ్ళీ ఆదివారం వస్తావుగా బాబూ?" అన్నాను.

"తుని దగ్గర మా స్కూలుకి ఇంకో బ్రాంచి ఉంది. వెళ్తావా అని వేసవి నుంచీ అడుగుతున్నారు. పాపకోసమే ఆగా." కెజియా వైపు చూశాడు. "పిల్ల కుదురుగా ఉంది. నేనొస్తే గోడకి అతుక్కుపోతంది. ఊరికే వచ్చి దాన్ని భయపెట్టడం ఎందుకులే అత్తమ్మా."

అప్పుడు చెప్పవలసింది. నోట్లో మాటలు సిద్ధంగానే ఉన్నాయి. నిన్ను చూసే బాబూ, నువ్వొచ్చావన్నాను, అందుకే నవ్వింది. అంతే. ఇంతకంటే పొడుగేమీ లేదు. చెప్తే అతను అట్టలు విప్పి ఫొటో బయటికి తీస్తాడు. బెంచీ దగ్గరికి వెళ్తాడు. అక్కణ్ణుంచి తిరిగి కోర్టుకి వెళ్తాడు. రేపో ఎల్లుండో నేను మళ్ళీ సంచి సర్దాలి. ఆ సంచి తలపుకి వచ్చేసరికి మాట మింగేసి, పెన్సిలు బాక్సు కొంగు కింద పెట్టుకున్నాను.

విజయవాడ బస్సు వచ్చి ఆగింది. "కంచికచర్ల, ఇబ్రహీంపట్నం, విజయవాడ!" అని కండక్టరు అరిచి, మమ్మల్ని చూసి, "ఎక్కేదుంటే ఎక్కండి మాస్టారూ, మిగతా కబుర్లు ఫోన్లో చెప్పుకోవచ్చు" అన్నాడు. ఎడ్విన్ బెంచీ దగ్గరికెళ్ళి కెజియా తల మీద చెయ్యి వేశాడు. అది తల వంచుకునే ఉంది. "వెళ్ళొస్తా కెజ్జీ" అన్నాడు. అది నేల గీకుతూనే ఉంది. ఎక్కాడు. కిటికీ పక్కన చోటు దొరకలేదేమో, లోపల కమ్మీ పట్టుకుని నిలబడ్డ అతని మోచెయ్యి మాత్రం కనపడింది.

బస్సు వెనక్కి మళ్ళి గేటు వైపు తిరిగాక కెజియా తలెత్తింది.

"అప్పుడు చెప్పకుండా వెళ్ళాడు. ఇప్పుడు చెప్పి వెళ్ళాడు" అంది. "ఆదివారం వస్తాడా అమ్మమ్మా?"

"వస్తాడు" అన్నాను.

ఎడ్విన్ ఆ బస్సు ఎక్కింది 2022 నవంబరు 18, శుక్రవారం, మధ్యాహ్నం రెండూ నలభైకి. మళ్ళీ రాలేదు.